డిజైన్ పిల్లలకు బిజినెస్ మోడల్ నేర్పడం ఎలా? చింతపండు మిషన్‌తో ఎనిమిది తరగతులు

సెమిస్టర్ మొదలయ్యే ముందు నాకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇండస్ట్రియల్ డిజైన్ (ఫ్యాక్టరీలో తయారయ్యే వస్తువుల రూపకల్పన) చెప్పే టీచర్లు. వాళ్ల కథ కూడా ఇంచుమించు ఒకటే. ఎంబీఏ చదివిన ఒక సార్‌ని పిలిపించారు. ఆయన రెండు రోజులు స్లైడ్లు వేశారు. పిల్లలు తొమ్మిది గళ్ల కాగితం (బిజినెస్ మోడల్ కాన్వాస్ అంటారు, వ్యాపారం మొత్తాన్ని ఒకే పేజీలో చూపే పట్టిక) గోడకు అంటించి రంగు చీటీలతో నింపేశారు. చూడ్డానికి బాగుంది. కానీ ఆ కాగితానికీ, పక్క బల్ల మీదున్న వాళ్ల వస్తువుకూ ఏ సంబంధమూ లేదు.

తిరుపతిలో నేను కూడా మొదటి రెండేళ్లు అట్లాగే చెప్పాను. తప్పు ఎక్కడుందో తర్వాత తెలిసింది. బిజినెస్ మోడల్, అంటే ఎవరికి ఏం మేలు చేసి డబ్బు ఎట్లా తెచ్చుకుంటామన్న ఏర్పాటు, వస్తువు గీసేశాక చివర్లో తగిలించేది కాదు. డబ్బు వచ్చే దారి మారితే వస్తువు బరువు, చక్రాలు, మూత, బోల్టు అన్నీ మారతాయి. ఆ మార్పును పిల్లలు తమ పెన్సిల్‌తో గీసి చూసుకోవాలి. గీసిన రోజు పాఠం ఎక్కినట్టు, అంతవరకూ ఎక్కనట్టే.

సిద్ధాంతం కావాలంటే ఒక్క ఉదాహరణ చాలు. మన వీధిలో జెరాక్స్ అంగడి ఉంది కదా, ఆ పేరు తెచ్చిన కంపెనీ 1959లో 914 అనే కాపీ మిషన్ తెచ్చింది. అది చాలా ఖరీదైనది, కొనే స్తోమత ఆఫీసులకు లేదు. అందుకని నెలకు 95 డాలర్ల బాడుగకు ఇచ్చారు. మొదటి 2,000 కాపీలు అందులోనే, ఆపైన కాపీకి ఇంత అని లెక్క. కాపీలు లెక్కపెట్టాలంటే మిషన్‌లో మీటరు ఉండాలి. అమ్మేసే మిషన్‌కు ఆ మీటరు అక్కర్లేదు, బాడుగ మిషన్‌కు అది లేకపోతే వ్యాపారమే లేదు. మొదటి తరగతిలో ఇంతమాత్రం చెప్పి పిల్లల్ని లేపి బయటికి తీసుకుపోండి.

కావలసినవి

మూడు గంటల తరగతులు ఎనిమిది. నలుగురేసి పిల్లల జట్లు, మొత్తం ఆరు జట్లకు మించకుండా. ఖాకీ కాగితం చుట్ట ఒకటి. మూడు రంగుల చీటీలు, దారపు ఉండ. జట్టుకు 500 రూపాయల చిల్లర (బయట ఎవరి సమయమైనా తీసుకుంటే ఊరికే తీసుకోకూడదు, ఈ డబ్బు అందుకు). రెండు కిలోల చింతగింజలు, పది గిన్నెలు. చింతగింజలు ఎందుకో మూడో మెట్టులో చెబుతాను, వాటిని మాత్రం మానుకోకండి. కంప్యూటర్ ఏడో తరగతి దాకా అవసరం పడదు.

1. కొత్త ఆలోచన వద్దు, పాత వస్తువు తీసుకోండి

తరగతులు మొదలుకాకముందే, పోయిన సెమిస్టర్‌లో పిల్లలు చేసి పూర్తి చేసిన వస్తువు ఒకటి ఎంచుకోండి. కొత్త ఐడియాతో మొదలుపెడితే పిల్లలు ఆ ఐడియా మీద ప్రేమతోనే ఆరు వారాలు గడిపేస్తారు, డబ్బు సంగతి చివరి రాత్రి రాస్తారు. పాత వస్తువుకైతే కొలతలున్నాయి, తయారీ తెలుసు, మోజు కొంచెం తగ్గి ఉంటుంది. దాన్ని విప్పి మళ్లీ కట్టడానికి మనసొప్పుతుంది.

వస్తువు ఎంచుకోవడానికి నేను చూసేది ఒక్కటే: వాడే మనిషీ, డబ్బిచ్చే మనిషీ వేరువేరుగా ఉండాలి. కాఫీ కప్పు, టేబుల్ లైటు లాంటివాటిలో ఆ ఇద్దరూ ఒకరే కాబట్టి పాఠం పలచబడిపోతుంది.

నేను చాలాసార్లు వాడింది చింతపండు గింజ తీసే చిన్న మిషన్. మన వైపు జనవరి దాటితే చింతకాయ దులపడం మొదలవుతుంది. వ్యాపారులు చెట్లను ముందే గుత్తకు మాట్లాడుకుంటారు. పెచ్చు తీయడం, ఈనె లాగడం, కొట్టి గింజ తీయడం ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే జరుగుతుంది, కూలి కిలో లెక్కన. అంటే కష్టం ఒకరిది, సరుకు ఇంకొకరిది, ధర పెట్టేది మండీ. పాఠానికి ఇంతకంటే మంచి వస్తువు నాకింకా దొరకలేదు.

2. ఒక పూట అంగడి ముందు నిలబెట్టండి

జట్టుకొక చోటు ఇవ్వండి. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న అంగళ్లు, బస్టాండు, కూరగాయల మార్కెట్టు, ఏదైనా సరే. ఒక్కో జట్టు ఒకే ఒక్క వస్తువును చూస్తూ ఐదు సంగతులు రాసుకురావాలి: ఎవరు వాడుతున్నారు, ఎవరు కొంటున్నారు, ఎవరి జేబులోంచి వస్తోంది, ఎప్పుడు ఇస్తున్నారు, పాడైతే ఎవరి దగ్గరికి పోతున్నారు.

కొండ మీదికి పోయే వీలున్న జట్టుకు నీళ్ల సీసా ఇవ్వండి. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు అమ్మరు. గాజు సీసాలో నీళ్లు కొంటే సీసాకు డిపాజిట్ కట్టాలి, ఖాళీ సీసా తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. నీళ్ల ధర ఎంత, డిపాజిట్ ఎంత, తిరిగి ఎక్కడ తీసుకుంటున్నారు, పగిలితే నష్టం ఎవరిది, ఖాళీ సీసాలు పెట్టే పెట్టె ఎట్లా ఉంది? ఇవన్నీ పిల్లలే కనుక్కోవాలి. సీసా మందం, మెడ ఆకారం, పెట్టెలో గళ్లు, ఇవన్నీ ఆ డిపాజిట్‌తో ముడిపడి ఉన్నాయని ఒకరిద్దరు పిల్లలు తమంతట తామే పట్టుకుంటారు. మీరు ముందే చెప్పేస్తే ఆ అవకాశం పోతుంది.

జాగ్రత్తలు: గిరాకీ ఉన్న వేళ అంగడివాళ్లను ప్రశ్నలు అడగకూడదు. ఏదో ఒకటి కొన్నాకే మాట్లాడాలి. అడక్కుండా ఫొటో తీయకూడదు. "నెలకు ఎంత మిగులుతుంది?" అని మొదటి మాటే అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా. "ఈరోజు మొదటి బోణీ ఏంటన్నా?" అని అడగమనండి, మాట తనే నడుస్తుంది.

3. చింతగింజలతో డబ్బు నడిపించండి

నాకు బాగా ఇష్టమైన తరగతి ఇది. ఖాకీ కాగితం నేల మీద పరచండి. ఒక కిలో చింతపండు కథలో ఉన్న మనుషులందరికీ తలా ఒక వృత్తం గీయండి: చెట్టు ఉన్న రైతు, గుత్త తీసుకున్న వ్యాపారి, కొట్టే ఆమె, మండీ, చిల్లర అంగడి, ఇల్లు. ప్రతి వృత్తంలో ఒక గిన్నె. పిల్లలు ఆ మనుషులుగా కూర్చోవాలి. ఒక గింజ ఒక రూపాయి. సరుకు దారం వెంట ఒకవైపు కదులుతుంది, గింజలు ఎదురు దిశలో కదలాలి.

నియమం ఒక్కటే: నిజంగా ఏ రోజు డబ్బు చేతులు మారుతుందో ఆ రోజే గింజలు కదలాలి. బోర్డు మీద సోమవారం, మంగళవారం అని రాస్తూ పోండి.

ఒకసారి మా తరగతిలో వ్యాపారిగా కూర్చున్న కుర్రాడు కూలి వారానికొకసారి ఇస్తానన్నాడు. కొట్టే ఆమెగా కూర్చున్న అమ్మాయి గిన్నె సోమవారం ఖాళీ, మంగళవారం ఖాళీ, బుధవారం కూడా ఖాళీ. గురువారం రాసేసరికి ఆ అమ్మాయి పక్క వృత్తంలో ఉన్న చిల్లర అంగడి వైపు చెయ్యి చాపి "పది గింజలు అప్పు ఇవ్వు, శనివారం ఇస్తా" అంది. ఎవరూ చెప్పకుండానే కాగితం మీద కొత్త గీత పడింది: అంగడి అప్పు ఖాతా. నగదు ఏ రోజు వస్తుందనేది ఎందుకు ముఖ్యమో ఆ తర్వాత నేను విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు అదే కాగితం మీద మిషన్‌ను ఒక వృత్తంగా పెట్టి ఆట మళ్లీ ఆడించండి. ఎవరి గిన్నె పెరిగింది, ఎవరిది తగ్గింది, రెండూ రాసుకోవాలి. తగ్గిన గిన్నెను దాటవేసే జట్లుంటాయి. దాటనివ్వకండి. మా పిల్లలు చింతపండు కొట్టే షెడ్డుకు డ్రాయింగ్ పట్టుకెళ్లినప్పుడు ఒక పెద్దామె చేతిలో సుత్తి ఆపి అడిగింది: "ఏం పాపా, ఈ మిషనొస్తే నాకు కూలెవురిస్తారు?" డ్రాయింగ్ పట్టుకున్న అమ్మాయి దగ్గర జవాబు లేదు. తిరిగొచ్చాక ఆ ప్రశ్నను అలాగే చీటీ మీద రాసి గోడకు అంటించింది. ఆ సెమిస్టర్ మొత్తం దాన్ని తీయలేదు.

4. తొమ్మిది గళ్లు, నాలుగుతో మొదలు

ఇప్పుడు తొమ్మిది గళ్ల కాగితం తీయండి. దీన్ని స్విట్జర్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ ఆస్టర్‌వాల్డర్, తన గురువు ఈవ్ పిన్యూర్‌తో కలిసి ప్రచారంలోకి తెచ్చాడు. గళ్లు తొమ్మిదీ ఒకేసారి ఇస్తే పిల్లలు ఎడమ చివర నుంచి ఖాళీలు పూరించుకుంటూ పోతారు. మొదటి గంట నాలుగే ఇవ్వండి: ఎవరికోసం, వాళ్లకు ఏం మేలు, రాబడి ఎట్లా, ఖర్చు దేనికి. మిగతా ఐదూ, అంటే సరుకు చేరే దారి, కొన్నాక సంబంధం, కావలసిన వనరులు, చేయాల్సిన పనులు, తోడుండేవాళ్లు, గింజల ఆట కాగితం మీదే దాదాపు అన్నీ ఉంటాయి. అక్కణ్నుంచి ఎత్తి రాసుకోవాలి.

గళ్ల పేర్లు తెలుగులోనే రాయించండి. "వాల్యూ ప్రపోజిషన్" అని రాసిన చోట పిల్లలు "నాణ్యత, సౌలభ్యం" అని ఏ వస్తువుకైనా సరిపోయే మాటలు పెడతారు. "ఆమెకు ఏం మేలు?" అని రాసిన చోట "సాయంత్రానికి వేళ్లు నొప్పెట్టవు" అని రాస్తారు. రెండోదైతే షెడ్డుకు పోయి నిజమో కాదో అడగొచ్చు.

రంగులు మూడు: కళ్లారా చూసింది ఆకుపచ్చ చీటీ, ఎవరో చెప్పింది పసుపు, మనం ఊహించింది గులాబీ. మొదటి రోజు గోడంతా గులాబీగా ఉంటుంది. కంగారు పడకండి, అది మామూలే. ఏడో తరగతికి కూడా అట్లాగే ఉంటే మాత్రం ఆ జట్టును మళ్లీ బయటికి పంపండి.

5. ఒకే మిషన్, నాలుగు దారులు

అసలు పాఠం ఇక్కడుంది. దీనికి రెండు తరగతులు పూర్తిగా కేటాయించండి. మిషన్ ఒకటే, డబ్బు వచ్చే దారులు నాలుగు. ప్రతి దారికీ ఆ మిషన్‌ను మళ్లీ గీయాలి.

మొదటి దారి, వ్యాపారికి అమ్మడం. ఆయనకు కావలసింది వేగం, పండు చెడకపోవడం. మన రాయలసీమ మండీల్లో కరిపులి, ఫ్లవర్ అని రకాలుంటాయి, కరిపులికి ధర బాగా ఎక్కువ. మిషన్ పండును నలిపేసి తక్కువ రకంలోకి దింపితే, కూలి మిగిలినదానికంటే ధరలో పోయేదే ఎక్కువ కావచ్చు. కాబట్టి ఈ దారిలో రోలర్ల మధ్య సందు, రబ్బరు మెత్తదనం మీద పని ఉంటుంది. మిషన్ షెడ్డులోనే ఉంటుంది కనుక బరువు ఎంతున్నా పరవాలేదు. కొట్టే ఆమె గిన్నె మాత్రం ఖాళీ అవుతుంది.

రెండో దారి, డ్వాక్రా సంఘం బ్యాంకు అప్పుతో కొనుక్కోవడం. అప్పుడు మిషన్ ఎవరో ఒకరి వరండాలో ఉండాలి. ఇంట్లో ఉండే కరెంటుతోనే నడవాలి, చంటిపిల్లలున్న చోట తిరిగే భాగానికి మూత ఉండాలి, రాత్రి తాళం పడాలి. ఎవరు ఎన్ని కిలోలు కొట్టారో అందరి కళ్లముందూ లెక్క తేలాలి, లేకపోతే సంఘంలో మాటలొస్తాయి. మా జట్టు ఒకటి మిషన్ పక్కనే కాటా పెట్టే పలక, పుస్తకం నిలబెట్టే గాడి గీసింది. నాకు ఆ గాడి చూసి చాలా సంతోషమేసింది. సంఘం పుస్తకం మిషన్‌లో భాగమైపోయింది.

మూడో దారి, రోజు బాడుగ. ఈ మిషన్ ఊరూరూ తిరగాలి. రెండు ముక్కలుగా విడిపోవాలి, ఇద్దరు ఎత్తగలగాలి, ఆటోలో పట్టాలి. బోల్టులన్నీ ఒకే సైజు, ఒకే పానాతో విప్పేటట్టు ఉండాలి. తిరిగొచ్చినప్పుడు ఎక్కడ దెబ్బ తగిలిందో చూడగానే తెలియాలి, ఎందుకంటే డిపాజిట్ వెనక్కి ఇవ్వాలా పట్టుకోవాలా అనే తగాదా అక్కడే వస్తుంది.

నాలుగో దారి, పిండిమిషన్ ఆడించినట్టు కిలోకు ఇంత అని పనిచేసి పెట్టడం. ఇందులో పిల్లలు పట్టించుకోని ప్రశ్న ఒకటుంది: గింజలు ఎవరివి? చింతగింజల పొడి నేత బట్టకు గంజి పెట్టడానికి పనికొస్తుంది, కాబట్టి గింజలకూ కొనేవాళ్లున్నారు. గింజలు మిషన్ మనిషివైతే మిషన్ కింద సంచి కట్టే కొక్కెం కావాలి. పండు తెచ్చిన ఆమెవైతే, ఆమె కళ్లముందే ఆమె సంచిలోకి పడే జారుడు కావాలి.

నాలుగు డ్రాయింగులూ పక్కపక్కన అంటించండి. నాలుగూ ఒకేలా ఉంటే ఆ జట్టు మోడల్ మార్చలేదు, పేరు మార్చింది. వెనక్కి పంపండి.

6. లెక్క వేయించండి

ఇవి లెక్క నేర్పడానికి నేను వేసుకున్న అంకెలు, మార్కెట్ ధరలు కావు. మీ పిల్లలు తెచ్చిన అంకెలు ఇక్కడ పెట్టుకోండి.

నాలుగో దారి తీసుకుందాం. మిషన్‌కు 18,000 ఖర్చయింది. గంటకు 25 కిలోలు, రోజుకు 5 గంటలు, అంటే 125 కిలోలు. కిలోకు 3 రూపాయల చొప్పున రోజుకు 375. కరెంటు, చిన్న మరమ్మతులు, రవాణా కలిపి రోజుకు 100. మిగిలేది 275. 18,000ను 275తో భాగిస్తే 65.45. అంటే 66వ రోజుకు పెట్టుబడి తిరిగొస్తుంది.

పిల్లలు ఇక్కడ "రెండు నెలల్లో లాభం" అని రాసేస్తారు. ఆపండి. చింతపండు పని సీజన్‌లోనే. నికరంగా 50 రోజులు నడిస్తే రెండో ఏడాది 16వ రోజుకు పెట్టుబడి తేలుతుంది. 30 రోజులే నడిస్తే మూడో ఏడాది 6వ రోజుకు. మిగతా నెలలు మిషన్ ఏం చేస్తుంది, ఎక్కడ ఉంటుంది, తుప్పు పట్టకుండా ఎవరు చూస్తారు? ఇవి మళ్లీ డిజైన్ ప్రశ్నలే.

ఇప్పుడు ఇంకో అంకె అడగండి: మిషన్ నడిపే మనిషికి కూలి వేశారా? నేను చూసిన జట్లలో మొదటిసారి వేసినవాళ్లు చాలా తక్కువ. రోజుకు 400 వేసి చూడమనండి. 275 మిగులు కాస్తా రోజుకు 125 నష్టమవుతుంది. తరగతి నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని మీరు మాటలతో నింపకండి. కాసేపటికి ఎవరో ఒకరు అంటారు, ప్రత్యేకంగా ఆపరేటర్ అక్కర్లేకుండా పండు తెచ్చినవాళ్లే నడుపుకునేటట్టు చేస్తే? ఇక అక్కణ్నుంచి స్విచ్ ఎక్కడ ఉండాలి, పానా లేకుండా రోలర్ ఎట్లా కడగాలి, చెయ్యి లోపలికి పోకుండా ఏం అడ్డం పెట్టాలి అని మాట డ్రాయింగ్ మీదికే వస్తుంది. లెక్కల తరగతి డిజైన్ తరగతిగా మారే క్షణం అదే.

7. నిజం డబ్బుతో పరీక్షించండి

"మీకు నచ్చిందా?" అని అడిగితే మనవాళ్లు "బాగుంది నాయనా" అనే అంటారు. పిల్లల ముఖం చూసి కాదనలేరు. అందుకని మాటకు మార్కులు లేవని ముందే చెప్పండి. ఎదుటి మనిషి ఏదో ఒకటి ఇవ్వాలి: 50 రూపాయల అడ్వాన్సు, లేదా ఒక ఉదయం సమయం, లేదా "మా వరండాలో పెట్టుకోండి" అనే చోటు.

మిషన్ ఇంకా తయారు కాకపోయినా సేవను పరీక్షించొచ్చు. ఐదు కిలోల పండు తీసుకుని, పిల్లలే కూర్చుని చేత్తో గింజ తీసి, కిలోకు అనుకున్న ధర అడగాలి. చేత్తో తీస్తున్నామని దాచకూడదు. ఇస్తారా, బేరం ఆడతారా, మళ్లీ తెస్తారా? చూడాల్సింది అదే. పైగా రెండో కిలోకే పిల్లల వేళ్లు జిగురెక్కి, ఈనె గోళ్లలో దిగి, అంతవరకూ డ్రాయింగులో కనిపించని సంగతులు తెలుస్తాయి.

హెచ్చరికలు, ఇవి నాకు చాలా ముఖ్యం. అడ్వాన్సు 100 రూపాయలు దాటకూడదు. ప్రతి రూపాయికీ చీటీ రాసివ్వాలి, వాపసు తేదీ వేయాలి, కింద మీ సంతకం ఉండాలి. రోజు కూలి మీద బతికే మనిషిని గంటసేపు కూర్చోబెడితే ఆ గంట కూలి ఇవ్వాలి. సబ్సిడీ వస్తుంది, మిషన్ ఇస్తాం అని ఆశ పెట్టే మాటలు పిల్లల నోట రాకూడదు.

8. జ్యూరీలో ఎవరిని కూర్చోబెట్టాలి

జ్యూరీ అంటే పిల్లల చివరి ప్రదర్శన చూసి ప్రశ్నలడిగేవాళ్లు: ఒక మోటారు మెకానిక్, ఒక చింతపండు వ్యాపారి, ఒక సంఘం లీడరు. బయటి లెక్చరర్‌కు ఇచ్చే గౌరవ వేతనమే వీళ్లకూ ఇవ్వండి. ప్రదర్శన తెలుగులోనే జరగాలి. ఒక్కో జట్టుకు పది నిమిషాలు, జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు మూడు: డబ్బు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు, ఆగిపోతే ఎవరు బాగుచేస్తారు. మూడో ప్రశ్న దగ్గర మెకానిక్ మాట వినండి. "ఈ బేరింగ్ తిరుపతిలో దొరకదు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన సందర్భాలున్నాయి.

మార్కులు నేను ఇట్లా వేస్తాను: మోడల్‌ను బట్టి వస్తువులో వచ్చిన మార్పుకు 40, బయటి నుంచి తెచ్చిన సాక్ష్యానికి 30, లెక్కకు 20, చెప్పిన తీరుకు 10.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

"మా కస్టమర్లు అందరూ" అని రాయడం. అందరూ అన్న చోట ఒక వీధి పేరు, ఒక పని పేరు రాయించండి.

"మాకు పోటీ లేదు" అనడం. ఒక జట్టు అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే భక్తుల కోసం మెట్ల మీద లాక్కుపోయే సామాను బండి చేసింది, బాడుగ కూడా పెట్టింది. కింద ఇచ్చిన సామాను టీటీడీ వాళ్లే ఉచితంగా పైకి చేరుస్తారని తర్వాత గుర్తొచ్చింది. ఉచితంగా దొరికేదీ, పాత అలవాటూ, పక్కింటివాళ్ల సాయం కూడా పోటీయే.

ప్రతిదానికీ యాప్ పెట్టడం. యాప్ చేసే పని ఒక ఫోన్ కాల్‌తో, ఒక నోటు పుస్తకంతో అవుతుందేమో ముందు చూడాలి.

ఖర్చుకు ఇంత శాతం కలిపి ధర అనేయడం. ఖర్చు చెప్పేది ఇంతకంటే తగ్గలేమని మాత్రమే. ఎంత ఇస్తారనేది షెడ్డులో తెలుస్తుంది.

టీచర్లు చేసే పొరపాటు కూడా ఒకటుంది. లెక్క నష్టం చూపించిన జట్టుకు మార్కులు తగ్గించడం. నిజాయితీగా వేసిన నష్టం లెక్కకు పూర్తి మార్కులివ్వండి. లేకపోతే వచ్చే ఏడాది అందరి లెక్కలూ లాభంలోనే ఉంటాయి.

నేర్చుకున్నారో లేదో చూడడం

తొమ్మిది గళ్ల కాగితాన్ని కప్పేయండి. మిషన్ డ్రాయింగ్ మాత్రం వేరే జట్టుకు చూపించి, ఇది అమ్మేదా, బాడుగకు ఇచ్చేదా, సంఘానిదా అని అడగండి. డ్రాయింగ్ చూసి చెప్పగలిగితే పాఠం వస్తువులోకి దిగినట్టు. తర్వాత తిప్పి చేయండి: కాగితం ఇచ్చి, డ్రాయింగ్ దాచి, ఇరవై నిమిషాల్లో మిషన్ గీయమనండి. రెండు జట్ల బొమ్మలూ చక్రాల దగ్గర, తాళం దగ్గర, కాటా దగ్గర కలిస్తే చాలు.

ఇంకొకటి: ఒక అంకె మార్చి చెప్పండి. "కిలోకు 3 కాదు, 2 రూపాయలే ఇస్తారట" అనండి. డ్రాయింగ్‌లో ఏది తీసేస్తారు, ఏది ఉంచుతారు? ధర మాత్రం మార్చి బొమ్మను ముట్టుకోని పిల్లలకు ఐదో మెట్టు ఇంకోసారి కావాలి.

వేరే పరిస్థితుల్లో

రెండు రోజులే ఉంటే 2, 3, 5 మెట్లు చేయండి, దారులు నాలుగు కాక రెండే పెట్టండి. మిగతావి వదిలేయొచ్చు. బయటికి పంపే అనుమతి రాకపోతే మండీ మనిషిని, కొట్టే ఆమెను తరగతికే పిలవండి, కూలితో పాటు దారి ఖర్చులివ్వండి. అది బయటికి పోవడంతో సమానం కాదు, కానీ స్లైడ్లకంటే చాలా మేలు.

సెమిస్టర్ జూన్, జూలైలో పడితే చింతపండు సీజన్ ఉండదు. చిత్తూరు వైపు తోతాపురి మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి, అవీ సీజన్‌లో కొద్ది నెలలే నడుస్తాయి. కాయ కోసే చిక్కం, క్రేట్లు, తూకం, ఏదైనా పనికొస్తుంది. సీజన్‌తో పని లేనిది కావాలంటే శ్రీకాళహస్తి కలంకారీ తీసుకోండి. అక్కడి ప్రశ్న వేరు. కరక్కాయ, పాలతో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద కలంతో గీసిన బొమ్మకూ, అచ్చు వేసిన నకలుకూ తేడా కొనే మనిషికి తెలియదు. ఆ తేడా కంటికి కనిపించేటట్టు చేయడమే అక్కడ డిజైన్, దానికి ఎవరు డబ్బిస్తారన్నదే మోడల్. పలమనేరు మట్టి బొమ్మలతో చేయాలనుకుంటే రవాణాలో పగిలేవాటి నష్టం ఎవరిదన్న దగ్గర మొదలుపెట్టండి.

సెమిస్టర్ అయిపోయాక ఒక పని మిగిలి ఉంటుంది. అడ్వాన్సు చీటీల నకళ్లన్నీ ఒక కవరులో పెట్టి, ఎవరికి ఎంత వాపసు ఇవ్వాలో రాసుకోండి. డబ్బుతో పాటు చివరి డ్రాయింగ్ కాపీ ఒకటి షెడ్డుకు పట్టుకెళ్లి, వాళ్లు చెప్పిన ఏ మాట వల్ల ఏది మారిందో చూపించండి. ఇచ్చాక పేరు పక్కన సంతకమో వేలిముద్రో తీసుకోండి. దీన్ని పిల్లలకు వదిలేయకండి, పరీక్షలవ్వగానే ఊళ్లకు వెళ్లిపోతారు. మీరే వెళ్లండి, మధ్యాహ్నం అన్నాల వేళ కాకుండా.